లినక్స్ డెస్క్‌టాప్‌కు రెండో మానిటరు అమర్చుకోవడం: సమగ్ర మార్గదర్శి

పాత తెలుగు పుస్తకాల స్కాన్ పేజీలను చూస్తూ పాఠాన్ని సరిదిద్దేవారికి ఒక మానిటరు చాలదు. తెలుగు వికీసోర్స్‌లో ప్రూఫ్ చూసేటప్పుడు తెరలో ఒక సగం పేజీ బొమ్మకూ, మిగతా సగం టైపు చేసిన పాఠానికీ పోతుంది. అంత ఇరుకులో థకారం లోపలి చుక్క కంటికి ఆనదు కాబట్టి ‘థ’ కాస్తా ‘ధ’గా మిగిలిపోతుంది. నేను రెండో మానిటరు పెట్టుకున్నది ఈ పని కోసమే. అనువాదం చేసేవారికి, లెక్కల పుస్తకాలు చూసేవారికి, ప్రోగ్రాములు రాసేవారికి కూడా ఇదే అవసరం వేరే రూపంలో ఎదురవుతుంది.

ఈ మార్గదర్శిలో 2024 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 24.04ను ఆధారంగా తీసుకున్నాను. అందులో ఉండే గ్నోమ్ డెస్క్‌టాప్ మెనూ పేర్లనే ఇక్కడ వాడాను. లినక్స్ మింట్ వాడేవారికి తేడా వచ్చే చోట విడిగా చెప్పాను.

మొదటే ఒక మాట చెప్పాలి. రెండో మానిటరు కనిపించనప్పుడు చాలామంది నేరుగా సెట్టింగ్స్ తెరిచి అక్కడే వెతుకుతారు. కానీ కేబులు, పోర్టు, డ్రైవరు (గ్రాఫిక్స్‌ను నడిపే ప్రోగ్రాము) అనే మూడు మెట్లు దాటి వచ్చిన సమాచారాన్ని మాత్రమే సెట్టింగ్స్ చూపగలదు. కింది మెట్టులో లోపం ఉంటే పై మెట్టులో ఎన్ని మీటలు నొక్కినా ఫలితం ఉండదు. అందుచేత పనిని కంప్యూటరు వెనుక వైపు నుంచే మొదలుపెట్టాలి.

కంప్యూటరు వెనుక ఏముందో చూడడం

క్యాబినెట్‌ను తిప్పి వెనుక వైపు చూడండి. కీబోర్డు, మౌసు, నెట్ కేబులు పెట్టుకునే చోటనే, వాటి పక్కన నిలువు వరుసలో హెచ్‌డీఎమ్ఐ, వీజీఏ, డిస్‌ప్లేపోర్టు లాంటివి ఉంటే అవి మదర్‌బోర్డు పోర్టులు. అవి ప్రాసెసర్ లోపలే ఉండే గ్రాఫిక్స్‌తో పనిచేస్తాయి. వాటికి దిగువన, అడ్డంగా ఉన్న పట్టీ మీద మరికొన్ని పోర్టులు కనిపిస్తే మీ కంప్యూటరులో విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్నట్టు.

విడి కార్డు ఉన్నప్పుడు రెండు మానిటర్లనూ ఆ కార్డుకే కలపాలి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఒక మానిటరును కార్డుకు, రెండోదాన్ని మదర్‌బోర్డుకు తగిలించి, ఒక సాయంత్రమంతా డ్రైవర్లు మార్చి మార్చి చూశాను. నా ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-12400ఎఫ్. చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. మదర్‌బోర్డు మీద హెచ్‌డీఎమ్ఐ పోర్టు ఉన్నా దాని వెనుక బొమ్మను పంపేది ఏదీ లేదన్న మాట. మానిటరు తెర మీద ‘నో సిగ్నల్’ అని వస్తున్నంతసేపూ తప్పు లినక్స్‌దే అనుకున్నాను గాని, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా ఆ పోర్టు పలకదు.

‘ఎఫ్’ లేని ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్స్ ఉన్నప్పటికీ, విడి కార్డు తగిలించగానే దాన్ని ఆపివేసే బయోస్‌లు (కంప్యూటరు ఆన్ చేయగానే మొదట నడిచే అమరికల ప్రోగ్రాములు) చాలా ఉన్నాయి. బయోస్‌లో మల్టీ మానిటర్ అనే పేరుతో ఉండే అమరికను ఆన్ చేస్తే రెండూ కలిసి పనిచేస్తాయి, లినక్స్ కూడా వాటిని కలిపి నడపగలదు. అయితే ఒక గ్రాఫిక్స్ తయారుచేసిన బొమ్మను రెండోదానికి మాటిమాటికీ నకలు చేయవలసి వస్తుంది. కార్డుమీద పోర్టులు చాలనప్పుడు తప్ప ఆ దారి పట్టకపోవడమే మంచిది.

కేబులు, కన్వర్టరు, మానిటరు చెప్పుకునే వివరాలు

కేబుళ్లలో డిస్‌ప్లేపోర్టు మొదటి ఎంపిక, హెచ్‌డీఎమ్ఐ రెండోది, వీజీఏ మరో దారి లేనప్పుడు. మామూలు 1920×1080 మానిటరుకు మొదటి రెండింటిలో ఏదైనా సరిపోతుంది. 4కే (3840×2160) మానిటరు కొన్నవారు మాత్రం పోర్టు తరాన్ని చూసుకోవాలి. హెచ్‌డీఎమ్ఐ 1.4 పోర్టు 4కే బొమ్మను సెకనుకు 30 సార్లు మాత్రమే పంపగలదు, అప్పుడు మౌసు బాణం ఈడ్చుకుంటూ కదులుతున్నట్టు అనిపిస్తుంది. హెచ్‌డీఎమ్ఐ 2.0 గాని, డిస్‌ప్లేపోర్టు 1.2 గాని ఉంటే సెకనుకు 60 సార్లు వస్తుంది.

కన్వర్టర్లు కొనేటప్పుడు దిశను గుర్తుంచుకోవాలి. కంప్యూటరు వైపు డిస్‌ప్లేపోర్టు, మానిటరు వైపు హెచ్‌డీఎమ్ఐ ఉంటే చవక కేబులు చాలు, ఎందుకంటే చాలా గ్రాఫిక్స్ కార్డుల డిస్‌ప్లేపోర్టు హెచ్‌డీఎమ్ఐ సంకేతాన్ని కూడా పంపగలదు. అదే కేబులును తలకిందులు చేసి, కంప్యూటరు హెచ్‌డీఎమ్ఐ నుంచి మానిటరు డిస్‌ప్లేపోర్టుకు వాడితే పనిచేయదు. ఆ దిశలో వెళ్లాలంటే లోపల చిప్ ఉండి, విడిగా కరెంటు తీసుకునే కన్వర్టరు కావాలి. రెండు వైపులా కొన బాగానే దూరుతుంది కాబట్టి ఈ తేడా బయటికి కనిపించదు. దుకాణంలో అడిగేటప్పుడు ‘ఏ చివర కంప్యూటరుకు, ఏ చివర మానిటరుకు’ అని స్పష్టంగా చెప్పి తీసుకోండి.

ఇక వీజీఏ విషయం. ప్రతి మానిటరులోనూ తన తయారీదారు పేరు, మోడలు, తాను చూపగల రిజల్యూషన్లు రాసి ఉన్న చిన్న సమాచార పట్టిక ఉంటుంది. దీన్ని ఈడీఐడీ అంటారు. మొదటి భాగం పరిమాణం 128 బైట్లు మాత్రమే. కేబులు తగిలించిన వెంటనే లినక్స్ దీన్నే చదువుతుంది. వీజీఏ కేబులులో ఈ సమాచారం 12, 15 నంబర్ల పిన్నుల గుండా ప్రయాణిస్తుంది. చవక కేబుళ్లలో ఆ తీగలు లేకపోయినా, పిన్ను వంగిపోయినా బొమ్మ వస్తుంది గాని వివరాలు రావు. అప్పుడు లినక్స్ ఎందుకైనా మంచిదని 1024×768 దగ్గర ఆగిపోతుంది, అక్షరాలు అడ్డంగా సాగినట్టు కనిపిస్తాయి. ఈ లక్షణం కనిపిస్తే ముందు కేబులు మార్చి చూడండి.

కేబులు మార్చినా దారికి రాకపోతే, ఎక్స్11 సెషన్‌లో ఒక ఉపాయం ఉంది (ఎక్స్11 తెర మీద బొమ్మను నడిపే పాత పద్ధతి, వేలాండ్ కొత్తది; మీది ఏదో చూసే తీరు కింద ‘స్కేలు, సెషన్’ దగ్గర చెప్పాను). టెర్మినల్‌లో సీవీటీ అనే కమాండుకు వెడల్పు, ఎత్తు, రిఫ్రెష్ రేటు (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ రావాలో) ఇస్తే ఆ రిజల్యూషన్‌కు కావలసిన అంకెల వరుసను అది లెక్కగట్టి ఇస్తుంది. ఆ వరుసను ఎక్స్‌రాండార్ కమాండుతో కొత్త మోడ్‌గా చేర్చి, దాన్ని మానిటరు ఉన్న పోర్టుకు జతచేసి, ఆపైన ఆ మోడ్‌కు మారాలి. కంప్యూటరు మళ్లీ తెరిచినప్పుడు ఇదంతా చెరిగిపోతుంది కాబట్టి ఆ కమాండులను స్టార్టప్ అప్లికేషన్స్‌లో పెట్టుకోవాలి. వేలాండ్ సెషన్‌లో ఈ ఉపాయం పనిచేయదు.

డ్రైవరు

ఇంటెల్, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్‌కు కావలసిన డ్రైవర్లు లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోనే ఉంటాయి. ఏదీ విడిగా దించుకోనక్కర లేదు. ఎన్విడియా కార్డు ఉన్నవారు మాత్రం ‘సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్’ తెరిచి ‘అడిషనల్ డ్రైవర్స్’ అనే ట్యాబులో సిఫారసు చేసిన డ్రైవరును ఎంచుకుని వేసుకోవాలి. మింట్‌లో దీనికి ‘డ్రైవర్ మేనేజర్’ అని వేరే అప్లికేషనే ఉంది.

ఇక్కడ ఒక మెట్టు దగ్గర చాలామంది జారిపోతారు, అందుకే నిదానంగా చెబుతాను. బయోస్‌లో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని డ్రైవర్లను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే, డ్రైవరు వేసేటప్పుడు ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమనవచ్చు. అది మీ లాగిన్ పాస్‌వర్డ్ కాదు, ఒక్కసారి వాడడానికి మీరే అప్పటికప్పుడు అనుకునేది. దాన్ని కాగితం మీద రాసుకోండి. కంప్యూటరును రీస్టార్ట్ చేయగానే నీలిరంగు తెర వచ్చి, ఏదో ఒక మీట నొక్కమని అడిగి, కొద్ది సెకన్లే ఆగుతుంది. ఆ కొద్ది సెకన్లలో మీట నొక్కి, ‘ఎన్‌రోల్ మాక్’, ఆ తర్వాత ‘కంటిన్యూ’, ‘యెస్’ ఎంచుకుని, రాసుకున్న పాస్‌వర్డ్ ఇచ్చి రీబూట్ చేయాలి. ఆ తెరను పట్టించుకోకుండా వదిలేస్తే కంప్యూటరు మామూలుగానే తెరుచుకుంటుంది గాని డ్రైవరు మాత్రం లోడు కాదు. రెండో మానిటరు నల్లగా ఉండిపోవడానికీ, రిజల్యూషన్ మారకపోవడానికీ ఇదే కారణం అయిన సందర్భాలు కొల్లలు.

అన్నీ సరిగా ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి ఒక సూటి మార్గం ఉంది. ఫైల్స్ అప్లికేషన్‌లో సిస్టమ్ మూలం నుంచి ‘సిస్’ అనే ఫోల్డర్‌లోకి, అందులోని ‘క్లాస్’లోకి, దానిలోని ‘డీఆర్ఎమ్’లోకి వెళ్లండి. ప్రతి పోర్టుకూ ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. దాని లోపల ‘స్టేటస్’ అనే ఫైలును తెరిస్తే అందులో ఒకే ఒక్క మాట ఉంటుంది: కనెక్టెడ్ లేదా డిస్‌కనెక్టెడ్. రెండు పోర్టుల దగ్గర కనెక్టెడ్ అని ఉంటే తీగల పని ముగిసినట్టే, ఇక మిగిలింది అమరిక. ఒకదాని దగ్గర డిస్‌కనెక్టెడ్ అని ఉంటే సెట్టింగ్స్ జోలికి పోకుండా మళ్లీ కేబులు దగ్గరికే వెళ్లండి. మానిటరు తన మెనూలో సరైన ఇన్‌పుట్‌ను ఎంచుకుందో లేదో కూడా చూడండి. కేబులు హెచ్‌డీఎమ్ఐలో ఉండి, మానిటరు వీజీఏ కోసం ఎదురుచూస్తూ ఉండడం తరచుగా జరిగేదే.

సెట్టింగ్స్‌లో వరుస కూర్చడం

సెట్టింగ్స్ తెరిచి ఎడమ వైపు ‘డిస్‌ప్లేస్’ ఎంచుకోండి. పైభాగంలో 1, 2 అని అంకెలున్న రెండు దీర్ఘచతురస్రాలు కనిపిస్తాయి. అదే సమయంలో ఏ మానిటరుకు ఏ అంకె చెందుతుందో ఆ మానిటరు తెర మూలన కూడా కనిపిస్తుంది. ‘మిర్రర్’ ఎంచుకుంటే రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది, ప్రొజెక్టరుతో పాఠం చెప్పేవారికి అది అవసరం. మన పనికి ‘జాయిన్’ కావాలి.

ఇప్పుడు ఆ దీర్ఘచతురస్రాలను మౌసుతో పట్టుకుని, బల్ల మీద మానిటర్లు ఎలా ఉన్నాయో అలాగే లాగి పెట్టాలి. ఎడమ, కుడి సరిచూసుకోవడంతో చాలామంది ఆగిపోతారు. పైకీ కిందికీ సరిచూసుకోవడం అంతకన్నా ముఖ్యం. 24 అంగుళాల 1920×1080 మానిటరు పక్కన పాత 18.5 అంగుళాల 1366×768 మానిటరు పెట్టారనుకుందాం. మొదటిదాని తెర ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, రెండోదానిది 23. చిత్రంలో రెండింటి పై అంచులూ కలిపేసి, బల్ల మీద మాత్రం కింది అంచులు సమంగా ఉంటే, మౌసు బాణం చిన్న తెర నుంచి పెద్దదానికి దాటేటప్పుడు ఉన్నట్టుండి పైకి ఎగిరినట్టు అనిపిస్తుంది. పెద్ద మానిటరు అంచులో చిన్నదానికి ఆనుకోని భాగం దగ్గరికి వచ్చేసరికి బాణం గోడకు తగిలినట్టు ఆగిపోతుంది.

దీన్ని సరిచేసుకోవడానికి నేను చేసే పని ఇది. ఒక కిటికీని (విండోను) సగం ఈ తెర మీద, సగం ఆ తెర మీద ఉండేలా లాగి, దాని పై పట్టీ రెండు తెరల మీద ఒకే ఎత్తులో ఉందో లేదో చూస్తాను. తేడా ఉంటే సెట్టింగ్స్‌లో చతురస్రాన్ని కాస్త కిందికో పైకో జరిపి ‘అప్లై’ నొక్కి మళ్లీ చూస్తాను. మూడు నాలుగు సార్లలో కుదురుతుంది. ఐదు నిమిషాల ఈ ఓపిక రోజూ కొన్ని వందల సార్లు తెర దాటే చేతికి ఎంతో హాయినిస్తుంది.

‘అప్లై’ నొక్కిన తర్వాత మార్పులను ఉంచమంటారా అని అడుగుతూ అంకెలు తగ్గుతూ కనిపిస్తాయి. ‘కీప్ చేంజెస్’ నొక్కకపోతే కొద్ది సెకన్లలో పాత అమరికే తిరిగి వస్తుంది. తెర నల్లబడితే కంగారుపడి కేబులు పీకవద్దు, ఏమీ ముట్టుకోకుండా అరనిమిషం ఆగితే చాలు.

ఏది ప్రధాన తెర అన్నది ‘ప్రైమరీ డిస్‌ప్లే’ దగ్గర ఎంచుకోవాలి. పై పట్టీ అక్కడే ఉంటుంది, నోటిఫికేషన్లు అక్కడికే వస్తాయి. మెడను నిటారుగా ఉంచి చూసే మానిటరునే ప్రధానంగా పెట్టుకోండి. రెండింటినీ సమానంగా వాడేవారైతే రెండింటి మధ్య అంచు ముక్కుకు ఎదురుగా వచ్చేలా కూర్చోవాలి. ఒకదాన్ని ఎక్కువగా వాడేవారు దాన్ని ఎదురుగా పెట్టి, రెండోదాన్ని పక్కన కాస్త లోపలికి తిప్పి పెట్టుకోవాలి.

కీబోర్డు నుంచి పని చేసేవారు రెండు అలవాట్లు చేసుకోవాలి. సూపర్ మీట (కీబోర్డు మీద విండోస్ గుర్తున్నది), షిఫ్ట్ కలిపి పట్టుకుని ఎడమ లేదా కుడి బాణం నొక్కితే ఎదుట ఉన్న కిటికీ పక్క మానిటరుకు దూకుతుంది. సూపర్, పీ కలిపి నొక్కితే జాయిన్, మిర్రర్ వంటి పద్ధతుల మధ్య మారవచ్చు. గ్నోమ్‌లో వర్క్‌స్పేస్ (కిటికీలను విడివిడి గుంపులుగా ఉంచుకునే చోటు) మార్చినప్పుడు ప్రధాన తెర ఒక్కటే మారి, రెండోది కదలకుండా ఉంటుంది. ప్రూఫ్ చూసేటప్పుడు స్కాన్ పేజీ కదలకుండా ఉండడం నాకు మేలే. రెండూ మారాలనుకునేవారు సెట్టింగ్స్‌లో ‘మల్టీటాస్కింగ్’ దగ్గర ఆ వీలును ఎంచుకోవచ్చు.

నిలువు మానిటరు

పుస్తకాల పని చేసేవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటుంది: రెండో మానిటరును నిలువుగా తిప్పండి. లెక్క చూడండి. డెమ్మీ సైజు పుస్తకం పేజీ 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు ఉంటుంది. 24 అంగుళాల మానిటరును నిలువుగా పెడితే సుమారు 11.8 అంగుళాల వెడల్పు, 20.9 అంగుళాల ఎత్తు దొరుకుతుంది. అంటే పేజీ మొత్తం అసలు కొలతకు రెండింతలై, పై వరుస నుంచి అడుగున ఉన్న పేజీ సంఖ్య దాకా ఒక్క చూపులో కనిపిస్తుంది. అడ్డంగా పెట్టినప్పుడు పేజీ మొత్తం కనిపించాలంటే ఒకటిన్నర రెట్లు కూడా పెంచడం కుదరదు, పెంచితే మాటిమాటికీ కిందికి జరపాలి. మన లిపిలో అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఆ రెండింతల పెంపు విలువ తెలుగు చదివేవారికి వెంటనే తెలుస్తుంది. క్రావడి ఉందో లేదో అని కళ్లు చికిలించి చూడవలసిన పని తప్పుతుంది.

‘డిస్‌ప్లేస్’లో ఆ మానిటరును ఎంచుకుని ‘ఓరియంటేషన్’ దగ్గర ‘పోర్ట్రెయిట్’ రకాల్లో మానిటరు తిప్పిన వైపుకు సరిపోయేది ఎంచుకోవాలి. ఒకటి తలకిందులుగా వస్తే రెండోది సరిపోతుంది. అయితే కొనే ముందు రెండు విషయాలు చూసుకోండి. చవక మానిటర్ల స్టాండు తిరగదు, అప్పుడు వెనుక వైపు నాలుగు మర రంధ్రాలు 100 మిల్లీమీటర్ల దూరంతో ఉన్నాయేమో చూడాలి. ఉంటే విడిగా దొరికే స్టాండు బిగించుకోవచ్చు. రెండోది ప్యానెల్ రకం. టీఎన్ ప్యానెల్‌ను పైనుంచీ కిందినుంచీ చూస్తే రంగు మారుతుంది. దాన్ని నిలువుగా తిప్పితే ఆ లోపం పక్కలకు వచ్చి, కుడి కంటికి ఒక రంగు, ఎడమ కంటికి ఒక రంగు కనిపించి తల నొప్పి పుడుతుంది. నిలువుకు, ఏ వైపు నుంచి చూసినా రంగు అంతగా మారని ఐపీఎస్ ప్యానెల్ కావాలి.

నిలువు తెర మీద అక్షరాల అంచుల్లో ఎరుపు, నీలం ఛాయలు కనిపిస్తే అది సబ్‌పిక్సెల్ పద్ధతి వల్ల వచ్చేది. పిక్సెల్‌లో మూడు రంగుల పట్టీలు పక్కపక్కన ఉన్నాయనుకుని ఆ పద్ధతి అక్షరాలను నునుపు చేస్తుంది, మానిటరును తిప్పగానే పట్టీలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. ‘ట్వీక్స్’ అనే అప్లికేషన్ వేసుకుని ‘ఫాంట్స్’లో ‘యాంటీఏలియాసింగ్’ను ‘స్టాండర్డ్’కు మారిస్తే ఆ ఛాయలు పోతాయి.

స్కేలు, సెషన్

రెండు మానిటర్ల పిక్సెల్ సాంద్రత దగ్గరగా ఉంటే స్కేలును 100 శాతం దగ్గరే వదిలేయండి. 27 అంగుళాల 4కే పక్కన 24 అంగుళాల 1080 ఉంటే మాత్రం ఒకదాని మీద అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, ఎందుకంటే మొదటిదానిలో అంగుళానికి 163 పిక్సెళ్లు, రెండోదానిలో 92. అప్పుడు ‘ఫ్రాక్షనల్ స్కేలింగ్’ ఆన్ చేసి 4కే తెరకు 150 లేదా 175 శాతం ఇవ్వాలి. ఇలా ఒక్కో తెరకు ఒక్కో స్కేలు, ఒక్కో రిఫ్రెష్ రేటు పెట్టుకోవడంలో వేలాండ్ సెషన్ ఎక్స్11 కన్నా చాలా మెరుగు, ఎందుకంటే ఎక్స్11 రెండు మానిటర్లనూ కలిపి ఒకే పెద్ద తెరగా చూస్తుంది. మీరు ఏ సెషన్‌లో ఉన్నారో సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, ‘అబౌట్’, ‘సిస్టమ్ డిటెయిల్స్’ దగ్గర తెలుస్తుంది. లాగిన్ తెర మీద పేరు ఎంచుకున్నాక కుడి అడుగున కనిపించే పళ్లచక్రం గుర్తు నొక్కి మార్చుకోవచ్చు. మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ మామూలుగా ఎక్స్11 మీదే నడుస్తుంది కాబట్టి, మింట్ వాడేవారు సాంద్రత దగ్గరగా ఉన్న మానిటర్లను కొనుక్కోవడం ఉత్తమం.

లాగిన్ తెర, కరెంటు కోతలు

అమరిక అంతా కుదిరాక కూడా లాగిన్ తెర పక్క మానిటరు మీద, అదీ అడ్డంగా పడుకుని రావచ్చు. మీ అమరిక మీ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే ‘కాన్ఫిగ్’ ఫోల్డర్‌లో ‘మానిటర్స్’ అనే ఎక్స్ఎమ్ఎల్ ఫైలులో ఉంటుంది, లాగిన్ తెరకు అది తెలియదు. ఆ ఫైలును అడ్మిన్ హక్కులతో ‘వార్’, ‘లిబ్’, ‘జీడీఎమ్3’ ఫోల్డర్ల లోపలి ‘కాన్ఫిగ్’లోకి నకలు చేసి, జీడీఎమ్ (లాగిన్ తెరను చూపే ప్రోగ్రాము) దాన్ని చదవగలిగేలా అనుమతి ఇస్తే లాగిన్ తెర కూడా అదే వరుసలో వస్తుంది. ఆ ఫైలులో మానిటరు పేరుతో పాటు పోర్టు పేరు కూడా నమోదై ఉంటుంది. తుడిచేటప్పుడు కేబుళ్లు పీకి ఒకదాని స్థానంలో ఒకటి పెట్టేస్తే అమరిక మొత్తం పోయినట్టు కనిపించేది అందుకే. నేను కేబుళ్ల రెండు చివరలకూ తెల్ల టేపు అంటించి 1, 2 అని రాసి పెట్టుకున్నాను.

కరెంటు పోయినప్పుడు క్యాబినెట్, ఒక మానిటరు మాత్రమే యూపీఎస్ మీద ఉంటే, ఆరిపోయిన మానిటరు మీది కిటికీలన్నీ మిగిలిన తెర మీదికి కుప్పగా వచ్చి చేరవచ్చు, డిస్‌ప్లేపోర్టుతో ఇది ఎక్కువ. 24 అంగుళాల ఎల్ఈడీ మానిటరు సాధారణంగా 20 నుంచి 30 వాట్లు తీసుకుంటుంది, కాబట్టి రెండు మానిటర్లనూ యూపీఎస్‌కే కలపండి. యూపీఎస్ వెనుక కొన్ని సాకెట్లకు బ్యాటరీ ఉండదు, సర్జ్ రక్షణ మాత్రమే ఉంటుంది. బ్యాటరీ అని రాసి ఉన్న సాకెట్లలోనే మానిటర్ల ప్లగ్గులు పెట్టి, గోడ స్విచ్చి ఒకసారి ఆపి చూసుకోండి.